శ్రమించిన ఒంటికి వ్యాయామం రాయడం

మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బు, మోకీళ్ల అరుగుదల, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి వంటివి ఒకసారి మొదలైతే చాలామందిలో జీవితాంతం కొనసాగుతాయి కాబట్టి, వాటి చికిత్స కూడా దినచర్యలో కలిసిపోవలసిందే. ఆ చికిత్సలో మందుబిళ్లల సరసన వ్యాయామానికీ చోటుండాలని, దాన్ని వైద్యుడు నోటిమాటగా చెప్పి వదిలేయక మందుల చీటీలో రాసి ఇవ్వాలని వైద్యశాస్త్రం కొన్ని దశాబ్దాలుగా చెబుతున్నది. ఈ సూత్రాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు అన్వయించబోతే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. తట్ట, పార, గడ్డపారలతో ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి మోసిన మనిషికి, సీడు పత్తి చేలలో పొద్దంతా నిలబడిన స్త్రీకి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఏళ్లు గడిపిన నేతగాడికి వ్యాయామం చేయమని చెప్పడంలో అర్థం ఉందా? ఉన్నదనే ఈ వ్యాసం భావిస్తున్నది. అయితే ఆ ఒళ్లు అంతదాకా ఏ పని చేసిందో తెలుసుకోకుండా రాసిన వ్యాయామం చికిత్స అనిపించుకోదని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నది.

ఒళ్లు వంచి పనిచేసే పల్లె జనానికి ఇటువంటి జబ్బులు రావన్న నమ్మకం తెలుగునాట చాలాకాలం నిలిచింది. గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాది పాటు సంభవించిన మరణాలను నమోదు చేసి, కుటుంబ సభ్యులను విచారించి కారణాలను నిర్ధారించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. అక్కడి మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనే జరిగాయని అది తేల్చింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా సాగిన అధ్యయనం ఆధారంగా 2023లో ప్రకటించిన అంచనాల ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. ఇంత పెద్ద సంఖ్యలో పల్లెలకు వాటా లేదని ఇప్పుడెవరూ అనలేరు; షుగరు, బీపీ అన్న మాటలు పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పల్లెల్లో రోజువారీ మాటలైపోయాయి.

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడిపడి ఏర్పడిన ఈ మూడు జిల్లాల శ్రమ చరిత్ర ప్రత్యేకమైనది. కరువు వెంటాడిన నేల కావడంతో ఇక్కడి కుటుంబాలు గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, నెలల తరబడి దూర ప్రాంతాల్లో గుడారాల్లో ఉండి, ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి పని చేశాయి. పాలమూరు లేబరు అన్న పేరు ఆ వలసల నుంచే పుట్టింది. తర్వాత జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాలతో కృష్ణా నీళ్లు కొంత మేరకు పొలాలకు చేరాయి, వరి విస్తరించింది, ట్రాక్టరూ వరికోత యంత్రమూ వచ్చాయి, జొన్నరొట్టె తినే పూట తగ్గి తెల్లన్నం తినే పూట పెరిగింది. అందువల్ల ఒకే ఇంట్లో శ్రమతో అరిగిపోయిన తండ్రి, శ్రమ తగ్గి బరువు పెరిగిన కొడుకు కనిపించడం, ఇద్దరికీ ఒకే దవాఖానలో షుగరు మాత్రలే ఇవ్వడం ఇప్పుడు వింతేమీ కాదు. ఇద్దరికీ ఒకే మందు సరిపోవచ్చునేమో గాని, ఒకే వ్యాయామం సరిపోదు.

వ్యాయామం మందులా ఎలా పనిచేస్తుందో గ్రహిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. కండరం సంకోచించినప్పుడు, దాని కణాల లోపల నిలిచి ఉండే చక్కెర వాహక ప్రోటీన్లు కణపు పొర మీదికి చేరి, ఇన్సులిన్ సాయం కోసం ఆగకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. అందుకే ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించని మధుమేహ రోగిలోనూ నడక చక్కెరను తగ్గించగలుగుతుంది. భోజనం చేసిన తర్వాత పదిహేను నిమిషాల చొప్పున మూడు పూటలా నడిస్తే, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెర అదుపులో ఉంటుందని, చక్కెర హెచ్చే ప్రమాదమున్న వృద్ధులపై 2013లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చూపింది. క్రమం తప్పని వ్యాయామంతో రక్తనాళాల గోడలు మెత్తబడి, అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సుమారు 5 నుంచి 8 వరకు తగ్గుతుంది. తొడ కండరాలు బలపడితే మోకీలు మీద పడే భారాన్ని అవి పంచుకుంటాయి. మొత్తం 305 పరీక్షలను, సుమారు 3.39 లక్షల మందిని కలిపి పరిశీలించిన 2013 నాటి ఒక సమీక్షలో, గుండెజబ్బు వచ్చినవారి మరణాలను తగ్గించడంలోనూ మధుమేహపు ముందు దశలోనూ వ్యాయామానికీ మందులకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పక్షవాతం తర్వాతి చికిత్సలో వ్యాయామమే మెరుగని, గుండె వైఫల్యంలో మాత్రం నీరు తీసే మందులే మెరుగని అదే సమీక్ష తెలిపింది. అంటే వ్యాయామం ప్రతి మందుకూ బదులు నిలిచేది కాదు. తనకంటూ బలమూ హద్దులూ ఉన్న చికిత్స అది.

చికిత్స అన్నప్పుడు మోతాదు ఉండాలి. వ్యాయామ చీటీలో నాలుగు విషయాలు రాయాలని శాస్త్రం చెబుతుంది: వారానికి ఎన్నిసార్లు, ఎంత తీవ్రతతో, ఎంతసేపు, ఏ రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక వ్యాధులున్న పెద్దలకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాన్ని సూచించాయి. మధ్యస్థం అంటే ఒగర్పు పెరిగినా మాట్లాడగలిగే స్థితి. మాట్లాడటమూ కష్టమైతే అది తీవ్రమైనదని గుర్తు. న్యూజిలాండ్‌లో 1998లో ప్రచురితమైన ఒక పరీక్షలో, వైద్యులు నోటితో చెప్పి ఊరుకున్నప్పటి కన్నా అదే సలహాను కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు ఎక్కువ మంది ఆచరించారు. మధుమేహ రోగుల మీద జరిగిన 47 పరీక్షలను 2011లో సమీక్షించినప్పుడు, ఒకరి పర్యవేక్షణలో పద్ధతి ప్రకారం సాగిన వ్యాయామం మూడు నెలల సగటు చక్కెర సూచికను 0.67 శాతం మేర తగ్గించిందని, ఆహార మార్పు తోడుకాని ఒట్టి సలహాతో అటువంటి ఫలితం రాలేదని తేలింది. ఇన్నేళ్లుగా దవాఖానల్లో రోగి లేచి వెళ్లిపోతుండగా వెనుక నుంచి వినిపించే "రోజూ నడువు" అన్న మాట ఎందుకు పనిచేయలేదో ఈ ఫలితం చెబుతున్నది. మాత్రను ఎవరూ అలా వెనుక నుంచి చెప్పి పంపరు.

వ్యాయామాన్ని రోగానికి తగినట్టు, మనిషికి తగినట్టు రాయాలన్న ఆలోచన భారతీయ వైద్యానికి కొత్తది కాదు. మూత్ర సంబంధమైన రోగాల సమూహాన్ని, అందులో నేటి మధుమేహాన్ని పోలిన దాన్ని కూడా ప్రమేహం పేరుతో వివరించిన సుశ్రుత సంహిత, దాని చికిత్సలో రోగి స్థితిగతులను బట్టి వేర్వేరు శ్రమలను విధించింది. నిరుపేద రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నంతో, ఒక ఊళ్లో ఒక రాత్రికి మించి ఉండకుండా నూరు యోజనాలు నడవాలని, మరికొందరు నేల దున్నాలని, బావి తవ్వాలని చెప్పిన ఆ గ్రంథమే, చిక్కిపోయిన రోగిని మాత్రం ఎల్లవేళలా కాపాడుకోవాలని హెచ్చరించింది. వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయాలని, ఊపిరి నోటి దాకా వచ్చినప్పుడు ఆ సగం పూర్తయినట్టు గుర్తించాలని మరో చోట చెప్పింది. ఒగర్పును బట్టి తీవ్రతను కొలిచే నేటి పద్ధతికి ఇది ఎంతో దగ్గరగా ఉన్నది.

పాలమూరు సందర్భంలో ఈ విధి చదివితే ఆలోచనలో పడక తప్పదు. బావి తవ్వడం, మైళ్ల కొద్దీ నడవడం ఆ గ్రంథంలో రోగానికి విధించిన చికిత్సలైతే, ఈ నేల మీద అవి పొట్టకూటి పనులు. ఆ పనులు జీవితమంతా చేసినవారికి కూడా రక్తపోటు, షుగరు ఎందుకు వస్తున్నాయి? ఒక కారణం మోతాదులోనే ఉన్నది. సగం బలంతో ఆగే స్వేచ్ఛ రోగికి ఉంటుంది. గుత్తకు ఒప్పుకున్న మట్టి పనిలో కూలీకి ఆ స్వేచ్ఛ లేదు. ఎంత మట్టి తీస్తే అంత కూలి అయినప్పుడు, అడ్వాన్సు తీరేదాకా పని మానే వీలు లేనప్పుడు, శరీరం తన హద్దును గుర్తించినా అక్కడ ఆగలేదు.

ఆధునిక పరిశోధన కూడా ఈ అంశాన్ని రెండు వైపుల నుంచి తడిమింది. జెరెమీ మారిస్, ఆయన సహచరులు 1953లో ప్రచురించిన పరిశోధనలో, లండన్ రెండంతస్తుల బస్సుల్లో పొద్దంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా వచ్చిందని చూపారు. పనిలోని కదలిక మేలు చేస్తుందనడానికి అది తొలి బలమైన సాక్ష్యం. దీనికి భిన్నంగా డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మాన్, ఆయన బృందం 2018లో, తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుండగా పనిలోని బరువైన శ్రమ ఆ మేలు చేయకపోవడాన్ని, ఒక్కోసారి హాని చేయడాన్ని వివరించారు. అధ్యయనాలన్నీ ఈ విషయంలో ఒకే మాట చెప్పకపోయినా, వారు చూపిన కారణాలు ఆలోచించదగినవి: పనిలోని శ్రమ గుండె వేగాన్ని పెంచి శక్తిని పెంపొందించేంత తీవ్రమైనది కాకుండా, అలసట తెచ్చేంత దీర్ఘమైనది అవుతుంది, బరువులెత్తడం, ఒకే భంగిమలో ఉండటం రక్తపోటును గంటల తరబడి ఎక్కువలోనే ఉంచుతాయి, రాత్రి చాలినంత విశ్రాంతి దొరకకముందే మళ్లీ పని మొదలవుతుంది. మెట్లెక్కి దిగే కండక్టరు కదలికకూ తట్ట మోసే కూలీ కదలికకూ ఉన్న తేడాను ఈ రెండు పరిశోధనలూ కలిసి చెబుతున్నాయి. విశ్రాంతితో కలిసిన కదలిక శరీరాన్ని కడుతుంది, విశ్రాంతి లేనిది దాన్ని అరగదీస్తుంది.

ఈ దృష్టితో చూస్తే ఈ మూడు జిల్లాల్లో ఒక్కొక్క వృత్తికీ ఒక్కొక్క వ్యాయామ చీటీ అవసరమవుతుంది. గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోట ప్రాంతాల్లో నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే నేతగాడు గుంట మగ్గం మీద ముందుకు వంగి కూర్చుంటాడు. చేతులూ పాదాలూ కదులుతూనే ఉన్నా, గుండె వేగాన్ని పెంచేంతగా పెద్ద కండరాలు పనిచేయవు. అతనికి రాయవలసినవి గంటలో ఒకటి రెండుసార్లు గుంటలోంచి లేచి నాలుగు అడుగులు వేయడం, నడుమును వెనక్కి సాచడం, పొద్దున గాని సాయంత్రం గాని ఒగర్పు వచ్చే వేగంతో అరగంట నడవడం. గద్వాల ప్రాంతపు సీడు పత్తి చేలలో, సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి తిత్తులను గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడిని చేత్తో అద్ది సంకర విత్తనం పండించే పనికి స్త్రీలు గంటల తరబడి నిలబడి, వంగి చేలు తిరుగుతారు. వారికి మరో అరగంట నడక రాయడం అన్యాయమే అవుతుంది. తొడలు, నడుము, భుజాల కండరాలను బలపరిచే కొద్దిపాటి వ్యాయామాలు, వాటితో పాటు సీజన్‌లో వారానికి ఒక పూటైనా విశ్రాంతి వారి చీటీలో ఉండాలి.

వలస నుంచి తిరిగివచ్చి, మోకీళ్లు వాచి, షుగరు ముదిరిన పెద్దమనిషికి బరువు మోకాలి మీద పడని కదలిక కావాలి: కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కొన్ని సెకన్లు పట్టి ఉంచడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, మెత్తటి నేల మీద కొద్ది కొద్దిగా నడవడం. ట్రాక్టరూ మోటారుబండీ వచ్చాక కదలిక తగ్గి, పొట్ట పెరిగిన యువ రైతుకు మాత్రం 150 నిమిషాల సూత్రం దాదాపు యథాతథంగా వర్తిస్తుంది. ఈ విచక్షణకు భారతీయ పరిశోధనలోనే ఆధారముంది. చెన్నై కేంద్రంగా 531 మందితో జరిగి 2006లో ఫలితాలు వెలువడిన భారత మధుమేహ నివారణ కార్యక్రమంలో, కూర్చుని పనిచేసేవారిని రోజూ నడవమన్న పరిశోధకులు, అప్పటికే ఒళ్లు వంచి పనిచేసేవారిని, అరగంటకు పైగా నడిచే లేదా సైకిలు తొక్కేవారిని ఉన్నది కొనసాగించమన్నారు. పోలిక కోసం ప్రత్యేక కార్యక్రమం లేకుండా ఉంచిన వర్గంలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం రాగా, ఆహారం, వ్యాయామాలతో జీవనశైలిని మార్చుకున్న వర్గంలో అది 39 శాతం దగ్గర ఆగింది.

శ్రమ చరిత్రతో పాటు ఆకలి చరిత్రనూ చదవవలసిన ప్రాంతమిది. లావుగా ఉన్నవారికే షుగరు వస్తుందన్న భావన ఇక్కడ పలుమార్లు తప్పుతుంది. బక్కపలుచని ఒంటితో, పలుచని కండరాలతో ఉన్నవారిలోనూ మధుమేహం కనిపిస్తుంది. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని ఐదో రకంగా అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో గుర్తించడం ఈ నేలకు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. కండరమే చక్కెరకు పెద్ద గిడ్డంగి కాబట్టి, బక్కపలుచని రోగికి బరువు తగ్గించే నడక కన్నా కండ పెంచే వ్యాయామం, దానికి తగిన పప్పు, గుడ్డు, పాలు అవసరం. నల్లమలలో తేనెకూ దుంపలకూ కొండలెక్కి దిగే చెంచుల మధ్య పనిచేసే వైద్యుడు కదలిక గురించి మాట్లాడే ముందు తిండి గురించి మాట్లాడాలి. చిక్కినవారిని కాపాడుకోవాలన్న సుశ్రుతుని హెచ్చరిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ పని మొదలుపెట్టడానికి తగిన వ్యవస్థ చాలా వరకు ఉన్నది. ముప్పై ఏళ్లు దాటినవారి ఇంటికి వెళ్లి ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య పత్రంలో నడుము చుట్టుకొలత, పొగాకు, మద్యం గురించిన ప్రశ్నలతో పాటు, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ ఉన్నదా అన్న ప్రశ్న కూడా ఉంది. చేలలో పనిచేసే స్త్రీ ఉన్నదనే చెబుతుంది, కాబట్టి ఆ అంశంలో ఆమెకు ముప్పు లేనట్టే లెక్క తేలుతుంది. జనసమూహాల అంచనాకు ఉపయోగపడే ఈ ప్రశ్న, ఒక మనిషి చికిత్సకు చాలదు. దాని పక్కనే మరో మూడు ప్రశ్నలు చేర్చితే చాలు: ఇన్నేళ్లూ ఏ పని చేశారు, ఆ పనిలో ఏ భాగం నొప్పి పెడుతున్నది, ఒళ్లు ఎప్పుడు విశ్రాంతి పొందుతున్నది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, ఆ తర్వాత గద్వాలలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ చదువుకునే విద్యార్థులు రోగి వివరాలు రాసుకునేటప్పుడు ఈ మూడు ప్రశ్నలను అలవాటు చేసుకుంటే, పాలమూరు ఒంటిని చదవడం తెలిసిన వైద్యుల తరం ఒకటి తయారవుతుంది.

చీటీ రాసినంత మాత్రాన కదలిక వచ్చేయదు. దానికి చోటు, వేళ, భద్రత కావాలి. నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం కట్ట, గద్వాల కోట ఆవరణ, ఊరూరా వేసిన పల్లె ప్రకృతి వనాలు నడకకు అనుకూలమైనవే గాని, దీపాలు, కూర్చునే బల్లలు, ఆడవారు నిస్సంకోచంగా తిరగగలిగే వాతావరణం ఉన్నప్పుడే అవి చికిత్సా స్థలాలవుతాయి. వేగంగా వాహనాలు పోయే హైవే అంచున నడవమనడం రోగిని మరో ప్రమాదంలోకి నెట్టడమే. ఎండలు ముదిరే వేసవిలో పొద్దు పొడవకముందు గాని, పొద్దు వాలిన తర్వాత గాని నడవాలి. మహిళా సంఘాల సభ్యులు సమావేశానికి ముందు పావుగంట కలిసి వ్యాయామం చేయడం వంటి చిన్న ఏర్పాట్లు, ఒంటరి నడకకు వెనుకాడే స్త్రీలకు తోడవుతాయి. యోగా ఆధారంగా రూపొందించిన పునరావాస పద్ధతిని గుండెపోటు వచ్చిన 3,959 మందితో, దేశంలోని 24 కేంద్రాల్లో పరీక్షించినప్పుడు, 2020లో వెలువడిన ఫలితాల్లో, రోగులు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పడం, గుండెపోటుకు ముందున్న పనుల్లోకి తిరిగి వెళ్లగలగడం ఎక్కువగా కనిపించాయి. ఖరీదైన యంత్రాలు లేని దవాఖానలోనూ గుండె రోగికి పద్ధతైన వ్యాయామం అందించవచ్చునని ఇది భరోసా ఇస్తున్నది.

మందుకు జాగ్రత్తలున్నట్టే వ్యాయామానికీ ఉన్నాయి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో శ్రమిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి, జేబులో బెల్లం ముక్కో చక్కెరో ఉంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు రోగి వట్టికాళ్లతో నడవకూడదు; మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు వేసుకుని, నడక ముగిశాక పాదాలు చూసుకోవాలి. కంటి లోపలి రక్తనాళాలు తీవ్రంగా దెబ్బతిన్నవారు బరువులెత్తకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే ఆగి వైద్యుణ్ని కలవాలి. ఈ నాలుగు మాటలూ చీటీ కింద రాసి ఉండటం, తర్వాతి నెల రోగి వచ్చినప్పుడు మాత్రలు వేసుకున్నారా అని అడిగినట్టే వ్యాయామం ఎలా సాగిందని అడగడం, సాగకపోతే రోగిని నిందించక మోతాదు మార్చడం వైద్యుడి బాధ్యత.

వ్యాయామాన్ని రోగి క్రమశిక్షణకు వదిలేస్తే, చేయలేకపోయినప్పుడు తప్పంతా రోగిదే అవుతుంది. చికిత్సగా రాస్తే, అది సాగేలా చూసే బాధ్యత రాసినవారి మీద, దవాఖాన మీద, ఊరి మీద కూడా పడుతుంది. ఎవరి ప్రాజెక్టులకో, ఎవరి పొలాలకో తన బలమంతా ధారపోసిన ఈ ప్రాంతం విషయంలో ఆ బాధ్యత మరింత బరువైనది. ఇక్కడి మనిషి కదలిక ఇప్పటిదాకా కూలిగానే లెక్కకెక్కింది. అదే కదలిక అతని సొంత ఆరోగ్యం కోసం, అతని బలానికి తగిన మోతాదులో, విశ్రాంతితోనూ తిండితోనూ కలిపి అతనికి అందాలి. అలా అందించడానికి వైద్యులకు కావలసిన జ్ఞానం పుస్తకాల్లో ఇప్పటికే ఉన్నది. ఓపీ గదిలో రోగిని కూర్చోబెట్టి, అతను చేసిన పనుల గురించి అడిగి, శ్రద్ధగా వినే ఐదు నిమిషాలను ఆ జ్ఞానానికి చేర్చడమే మిగిలిన పని.